గోధుమ ఓడలో వచ్చినా రొట్టె ఇక్కడే కాలాలి

2023 డిసెంబర్‌లో మేముండే గుదైబియా వీధిలో ఉల్లిగడ్డల గంప ఒకటి ఖాళీ అయింది. మనామాలో ఉన్నవాళ్లకి ఆ కొట్లు తెలిసినవే. ఇక్కడ కిరాణా దుకాణాన్ని కోల్డ్ స్టోర్ అంటారు, సౌదీలోనూ కువైట్‌లోనూ మనవాళ్లు బకాలా అనేది దాన్నే. గంపల మీద అట్టముక్క కట్టి ఏ దేశం సరుకో రాస్తారు. ఇండియా అని రాసిన గంప ఖాళీ. పక్క గంపలో ఉల్లి ఉంది గానీ ధర పైకి పోయింది. డిసెంబర్ 8న మన ప్రభుత్వం ఉల్లి ఎగుమతి ఆపేసింది, 2024 మే నెలలో గానీ మళ్లీ వదల్లేదు. అంతకు ముందు జూలైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఆపారు. దానికి ముందు ఏడాది మే నెలలో గోధుమలు ఆపారు.

మా రూంలో ఆరుగురం. నెలాఖరున మెస్ లెక్క రాసుకుంటుంటే జగిత్యాల తమ్ముడు అన్నాడు: "అన్నా, ఇంటికాడ ఉన్నప్పుడు ఉల్లిగడ్డ పిరమైందని సర్కారును తిట్టినం. ఇక్కడికొచ్చినంక పిరం గాకుండ ఆపితే గూడ అదే సర్కారును తిడుతున్నం." అందరం నవ్వాం. నవ్వితే లెక్క తగ్గదు కదా.

మన దేశం చేసింది తప్పని మేం అనడం లేదు. నూటనలభై కోట్ల మందికి వండిపెట్టుకోవాల్సిన ఇల్లు అది. కానీ మా రూంలోనే కర్నూలు జిల్లా ఉల్లి రైతు కొడుకు ఒకడున్నాడు. ఎగుమతి ఆగితే అక్కడ వాళ్ల నాన్నకి ధర పడిపోతుంది, ఇక్కడ వీడికి ధర లేస్తుంది. ఒకే ఇంట్లో తండ్రికీ నష్టమే, కొడుక్కీ నష్టమే. ఆ నెల అతను ఇంటికి పంపింది ఎప్పటికన్నా తక్కువ, ఇంట్లో అవసరం ఎప్పటికన్నా ఎక్కువ.

ఈ ఉల్లి సంగతి దగ్గరే మాకొక ఆలోచన మొదలైంది. ఉన్న చోట అన్నీ బయటినుంచే తెచ్చుకునే ఒక చిన్న దీవి, తన తిండిలో ఎంతవరకు తనే తయారు చేసుకోగలదు? చేసుకుంటే మనలాంటి కూలీ జనానికి ఏం ఒరుగుతుంది? మా చదువులు అంతంతమాత్రమే. కానీ పిండి బస్తాలు మోసినవాళ్లం, కోల్డ్ రూముల్లో పనిచేసినవాళ్లం, రాత్రి డ్యూటీలో రొట్టెలు కాల్చేవాళ్లం మేమే. మా మాట కూడా ఒకటి ఉంటే తప్పు లేదనుకుంటాం.

దారులు మూడే

బహ్రెయిన్ చూడని పాఠకుల కోసం నాలుగు ముక్కలు. ముప్పై పైచిలుకు దీవుల దేశం ఇది. అన్నీ కలిపినా 800 చదరపు కిలోమీటర్లు ఉండదు. జనం పదిహేను లక్షలు, అందులో సగానికి పైగా మనలాగా పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లే. సరుకు రావడానికి మూడు దారులు. ఓడలో వస్తే హోర్ముజ్ జలసంధి దాటి రావాలి. లారీలో వస్తే 1986లో తెరిచిన కింగ్ ఫహద్ కాజ్‌వే మీద, సముద్రం పైన పాతిక కిలోమీటర్లు, సౌదీ నుంచి రావాలి. మూడోది విమానం. మనం పదిరోజులకోసారి కొనే కరివేపాకు, మునక్కాయ చాలాసార్లు విమానం ఎక్కి వచ్చినవే. కూలీవాడు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి విమానం ఎక్కుతాడు, వాడి సాంబారులో మునక్కాయ వారం వారం ఎక్కుతుంది.

ఒకప్పుడు ఇది నీళ్లున్న దీవి. బహ్రెయిన్ అనే పేరుకి రెండు సముద్రాలని అర్థం. పైన ఉప్పు నీళ్లు, సముద్రం అడుగున తీపి నీటి ఊటలు, అందుకే ఆ పేరని ఇక్కడి ముసలివాళ్లు చెబుతారు. అదారీ ఊటలో జనం ఈతలు కొట్టేవారట. ఆ ఊట ఎండిపోయింది. బావుల్లోకి ఉప్పు ఎక్కింది. ఖర్జూరపు తోటలు బుదయ్యా రోడ్డు వైపు ఇంకా కొన్ని మిగిలాయి. తాగే నీళ్లలో ఎక్కువ భాగం సముద్రపు నీటిని శుద్ధి చేసి ఇస్తున్నవే. గల్ఫ్ దేశాలన్నీ కలిపి చూస్తే తినేదాంట్లో 85 శాతం దాకా దిగుమతేనని అంచనా. దీవి కాబట్టి ఇక్కడ ఆ గుబులు మరికాస్త ఎక్కువ.

గుబులు ఉత్తిదేం కాదు. 2012లో ఆస్ట్రేలియా నుంచి ఇరవై వేలకు పైగా గొర్రెలు వస్తే, జబ్బు అనుమానంతో వాటిని ఇక్కడ దించుకోలేదు. అవి పాకిస్తాన్ చేరాయి. అక్కడ వాటిని చంపి పూడ్చేశారు. ఆ తర్వాత ఆస్ట్రేలియా గొర్రెల ఓడలు చాలాకాలం ఇటు రాలేదు. మూడేళ్లకి, 2015 అక్టోబర్‌లో, మాంసం మీద సబ్సిడీ ఎత్తేశారు. అంతకు ముందు కిలో ఒక దినార్ ఉండేది. ధర పెరిగినందుకు దేశ పౌరులకి నగదు పరిహారం ఇచ్చారు. మనకి రాలేదు, అడిగే హక్కూ మనకి లేదు. అప్పట్నుంచీ మా రూంలో మటన్ అంటే దసరాకో రంజాన్‌కో అన్నట్టయింది.

నీళ్లని ఓడలో మోయడం ఎందుకు?

ఇక్కడ ఫుడ్ ఫ్యాక్టరీలు లేవనుకుంటే పొరపాటు. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ఏడాది ముందే, 1970లోనే, బహ్రెయిన్ ఫ్లోర్ మిల్స్ పెట్టుకున్నారు. గోధుమ ఓడలో వస్తుంది, పిండి ఇక్కడ పడుతుంది. 1980లో డెల్మన్ పౌల్ట్రీ వచ్చింది. 2008లో క్రాఫ్ట్ కంపెనీ జున్ను, టాంగ్ పొడి తయారీ మొదలుపెట్టింది. ఆ జున్ను ఫ్యాక్టరీని తర్వాత డెన్మార్క్ వాళ్ల ఆర్లా కొనుక్కుంది. 2018లో మోండెలెజ్ దాదాపు 9 కోట్ల డాలర్లతో బిస్కెట్ల ఫ్యాక్టరీ తెరిచింది. గోధుమ చేను ఒక్కటి కూడా కనిపించని దీవి ఓరియో బిస్కెట్లని పక్క దేశాలకి పంపిస్తోంది. మొదటిసారి విన్నప్పుడు మేం నమ్మలేదు. మా వాడొకడు ఖాళీ ప్యాకెట్ తెచ్చి 'మేడ్ ఇన్ బహ్రెయిన్' అనే అక్షరాలు చూపించాక నమ్మాం.

అయితే ఏది ఇక్కడ చెయ్యాలి, ఏది చెయ్యక్కర్లేదు? పదేళ్లుగా గోడౌన్లలో సరుకు దించీ ఎత్తీ మాకు అర్థమైంది ఒకటుంది. ఎండిన సరుకు ఓపిక గలది, తడి సరుకు ఓపిక లేనిది. గోధుమని తేమ తగలకుండా సైలోలో పోస్తే నెలల తరబడి ఉంటుంది. పిండి అయితే కొన్ని నెలలు. రొట్టె రెండు రోజులు. బియ్యం, మినప్పప్పు, పాలపొడి, చక్కెర, మొక్కజొన్న, ఇవన్నీ ఓపిక గల సరుకులు. అంటే ఓడ నెల్లాళ్లు ఆలస్యమైనా, ముడిసరుకు నిండుగా ఉండి, దాన్ని తిండిగా మార్చే యంత్రం, మనిషి ఇక్కడే ఉంటే జనం పస్తులుండరు. తయారైన రొట్టె కోసం, పాల ప్యాకెట్ కోసం రోజూ బయటి లారీ వంక చూసే దేశానికి ఆ నెల్లాళ్ల గడువు దొరకదు.

పాల సంగతే చూడండి. పాలల్లో నూటికి 87 పాళ్లు నీళ్లు. ఒక కిలో పాలపొడితో సుమారు 8 లీటర్ల పాలు చేయొచ్చు. దూరం నుంచి పాలు తేవడమంటే నీళ్లని చల్లబరిచి, అట్టపెట్టెల్లో పెట్టి, డీజిల్ పోసి మోసుకురావడమే. జ్యూస్ డబ్బాలు కూడా అంతే. పెరుగు, లబన్ అంతే. నీళ్లు, ఉప్పు ఇక్కడే కలిపితే పోయేదానికి రవాణా ఖర్చు ఎందుకు? తాజా పాల రుచి రాదని కొందరంటారు. నిజమే. మా రూంలో పెరుగన్నం తినేవాడికి ఆ తేడా పెద్దగా తెలియదు, తెలిసేది ధరలో తేడా.

కోడి విషయంలో ఒక మెలిక ఉంది. కోడి ఇక్కడ పెరిగిందే గానీ దాని కడుపులో మొక్కజొన్న, సోయా ఓడలో వచ్చినవే. అలాంటప్పుడు దాన్ని స్థానికం అని ఎలా అంటామని అడిగేవాళ్లున్నారు. దిగుమతి పోలేదు, ఒక అడుగు వెనక్కి జరిగింది, అంతే. కానీ ఆ ఒక్క అడుగే ముఖ్యం. మొక్కజొన్నని గిడ్డంగిలో నిలవ పెట్టొచ్చు, గుడ్డుని అన్నాళ్లు పెట్టలేం.

2020 మార్చిలో కరోనా వచ్చి కాజ్‌వే మీద మనుషుల రాకపోకలు ఆపేసినప్పుడు సరుకుల లారీలు మాత్రం నడిచాయి. అది ఈ దేశం అదృష్టం, పొరుగువాళ్ల మంచితనం. ఆ రోజుల్లో క్యాంపుల్లో బయటకు పోలేక కూర్చున్న మాకు బాగా గుర్తున్నది మా వీధి చివర కుబ్బూస్ పొయ్యి. అది ఒక్క రోజు కూడా ఆరలేదు. టమాటాల ధర పెరిగింది, గుడ్లు రెండు రోజులు కనిపించలేదు, రొట్టె మాత్రం ఎప్పటి ధరకే ఎప్పటిలాగే దొరికింది. యాభై ఏళ్ల కిందట పెట్టుకున్న పిండి మిల్లు అప్పుడు తన విలువ చూపించింది.

ఎడారిలో గోధుమ పండించినవాళ్లు

ఇంత చెప్పి, మరి పొలమే వేస్తే పోలా అని అడిగితే, వద్దనే అంటాం. కాజ్‌వే అవతలి సౌదీ ఆ పని చేసి చూసింది. భూమి లోతుల్లోంచి నీళ్లు తోడి, గుండ్రంగా తిరిగే యంత్రాలతో ఇసుకలో గోధుమ పండించింది. 1990ల మొదట్లో గోధుమ ఎగుమతి చేసే పెద్ద దేశాల వరసలో నిలబడింది కూడా. కానీ ఆ నీళ్లు వేల ఏళ్ల నాటివి, తోడితే మళ్లీ ఊరేవి కావు. 2008లో సాగు తగ్గించుకుంటూ రావాలని తీర్మానించుకుని, 2016 నాటికి ప్రభుత్వం గోధుమ కొనడం ఆపేసింది. ఆ తర్వాత కొద్ది మోతాదులో మళ్లీ మొదలైనా పాత రోజులు రాలేదు. రాయలసీమలో వెయ్యి అడుగులు బోరు వేసి దుమ్ము చూసిన మా కడప అన్నకి ఈ కథ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు.

లెక్క వేస్తే తెలుస్తుంది. కిలో గోధుమ పండాలంటే వెయ్యి లీటర్లకు పైనే నీళ్లు కావాలి, కిలో బియ్యానికి సుమారు 2,500 లీటర్లు. సముద్రపు నీటి నుంచి వెయ్యి లీటర్ల మంచినీళ్లు తీయడానికి మూడు నాలుగు యూనిట్ల కరెంటు పడుతుంది. అంటే కిలో గోధుమకి నీళ్ల కోసమే మూడు నాలుగు యూనిట్లు. అదే కిలో పాలపొడిని పాలు చేయడానికి ఏడెనిమిది లీటర్ల నీళ్లు చాలు. పొలానికీ కార్ఖానాకీ తేడా అంత ఉంది. వేసవిలో 45 డిగ్రీల ఎండలో పొలం కన్నా నీడపట్టున ఉండే మిల్లు మేలు.

సింగపూర్‌లో ఉన్న మనవాళ్లకి ఇంకో కథ తెలిసే ఉంటుంది. 2030 కల్లా తమ పోషక అవసరాల్లో 30 శాతం సొంతంగా తీర్చుకుంటామని ఆ ప్రభుత్వం 2019లో ప్రకటించింది. డబ్బుకి, చదువుకి కొదవ లేని దేశం. అయినా 2024లో అక్కడ పండిన కూరగాయలు వాడకంలో 3 శాతమే. గుడ్లు మాత్రం మూడో వంతు దాకా సొంతంగానే వచ్చాయి. 2025లో ఆ పాత లక్ష్యం మార్చి, 2035కి వేరే లెక్కలు పెట్టుకున్నారు. మాకు ఇందులో కనిపించింది ఓటమి కాదు. ఆకుకూర దగ్గర ఓడిన దీవి గుడ్డు దగ్గర నిలబడింది.

ఇంకా పాత ఉదాహరణ కావాలంటే మారిషస్ ఉంది. మన తాతముత్తాతల కాలంలో కోరంగి రేవు నుంచి ఓడలెక్కి చెరకు తోటల్లోకి వెళ్లినవాళ్ల దేశం అది. అక్కడ మనవాళ్లని ఆ రేవు పేరుతోనే కోరంగీలు అని పిలిచేవారు. దీవి నిండా చెరకే. 1942లో జపాన్ సైన్యం బర్మాని పట్టుకోగానే అక్కడి నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. చెరకు నరికి కర్రపెండలం, మొక్కజొన్న వేసుకోవాల్సి వచ్చింది, పెండలం పిండి కలిపిన రొట్టె తినాల్సి వచ్చింది. తర్వాతి తరాలు ఆ ఆకలి మర్చిపోలేదు. ఈనాటికీ ఆ దేశం తిండిలో ఎక్కువ భాగం దిగుమతే, కానీ కోడి మాంసం, గుడ్లు మాత్రం సొంతంగానే సరిపెట్టుకుంటున్నారు, గోధుమ పిండి అక్కడే పడుతున్నారు. మహేబూర్ ఊళ్లో పంతొమ్మిదో శతాబ్దంలో పెట్టిన పెండలం బిస్కెట్ల చిన్న ఫ్యాక్టరీ ఇప్పటికీ నడుస్తోంది.

ఇడ్లీ పిండి ఏం చెబుతోంది

మళ్లీ మనామాకి వద్దాం. మేం మొదట వచ్చిన రోజుల్లో ఇడ్లీ అంటే హోటల్‌కి వెళ్లాల్సిందే. ఫ్యామిలీ వీసా ఉన్నవాళ్లు గ్రైండర్లని లగేజీలో మోసుకొచ్చేవారు. ఇప్పుడు ఏ కోల్డ్ స్టోర్ ఫ్రిజ్‌లో చూసినా ఇడ్లీ పిండి ప్యాకెట్లు. ఇది బహ్రెయిన్‌లోనే కాదు, దుబాయ్‌లోనూ దోహాలోనూ చూస్తున్నదే. ఎవరూ దీన్ని పరిశ్రమ అనరు. కానీ మేం పైన చెప్పినదంతా ఈ ప్యాకెట్‌లో ఉంది. బియ్యం, మినప్పప్పు ఎండుగా, చౌకగా ఓడలో వస్తాయి. నానబెట్టడం, రుబ్బడం, పులియబెట్టడం, ప్యాకెట్ కట్టడం ఇక్కడ. నాలుగు రోజులకి మించి ఉండదు కాబట్టి బయటి దేశపు కంపెనీ దీనితో పోటీ పడలేదు. సుంకాలతో పనిలేకుండా పులుపే దానికి కాపలా. గల్ఫ్ వేడికి పిండి ఎంతసేపట్లో పొంగుతుందో, మినప్పప్పు పాలు ఎంత ఉండాలో తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషి మన దగ్గరున్నాడు.

ఇలాంటివి ఇంకా ఎన్ని లేవు? చపాతీలు, పరోటాలు, పెరుగు, పనీర్, పకోడీ, కారప్పూస, పండక్కి అరిసెలు, క్యాంపుల మెస్‌లకి కోసి కడిగిన కూరగాయలు, మసాలా పొడులు. జొన్న రొట్టె సంగతి మా నిజామాబాద్ బావ ప్రతి శుక్రవారం ఎత్తుతాడు. పదిహేను లక్షల మందికే అమ్ముకుంటే చిన్న సంత అంటారు. కాజ్‌వే అవతల మూడు కోట్ల పైచిలుకు జనం ఉన్నారు, సౌదీ తూర్పు ప్రాంతంలో మనవాళ్లు ఎంతమందో చెప్పక్కర్లేదు. పొద్దున మనామాలో కట్టిన ప్యాకెట్ మధ్యాహ్నానికి అల్ ఖోబార్‌లో ఉంటుంది, చెక్‌పోస్ట్ దయ ఉంటే.

ఆవకాయ జోలికి మాత్రం ఎవరూ పోవద్దని మా విన్నపం. అది ఏడాది నిలవుండే సరుకు, ఊళ్లో అమ్మ చేతి నుంచే రావాలి. బ్యాగులో నూనె కారి చొక్కాలు పాడైనా సరే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రూముల్లో పచ్చళ్లు పెట్టి, బిర్యానీలు వండి ఫోన్ మీద ఆర్డర్లు తీసుకునేవాళ్లు ప్రతి గల్ఫ్ నగరంలోనూ ఉన్నారు. వాళ్లలో మన గోదావరి, కడప జిల్లాల అక్కచెల్లెళ్లు ఎందరో. చేతిలో పని ఉంది, రుచి ఉంది, లైసెన్స్ లేదు. వీసా ఒకచోట, పని మరోచోట అని దొరికితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ప్రభుత్వం నిజంగా స్థానిక తయారీ పెంచాలనుకుంటే పెద్ద పెద్ద పారిశ్రామిక పార్కులు ఒక్కటే చాలవు. గంటల లెక్కన అద్దెకిచ్చే శుభ్రమైన వంటశాలలు, చిన్న లైసెన్సులు, తనిఖీ చేసే అధికారి, అన్నీ ఒకచోట ఉండే షెడ్లు కావాలి. ఇక్కడి బహ్రెయినీ ఆడవాళ్లు కూడా ఇళ్లలో మసాలాలు, ఖర్జూరపు తీపి చేసి అమ్ముతారు. వాళ్ల పెట్టుబడి, మన చేతిపని ఒక షెడ్డు కింద కలిస్తే ఇద్దరికీ కూడు.

పళ్లెం మీద పన్ను వద్దు

స్థానిక పరిశ్రమ అనగానే కొందరు పెట్టుబడిదారులు ముందు అడిగేది బయటి సరుకు మీద సుంకం పెంచమని. ఇక్కడే మేం వాళ్లతో విడిపోతాం. బ్రెజిల్ నుంచి వచ్చే గడ్డకట్టిన కోడి ఇక్కడి తాజా కోడి కన్నా చౌక. మా మెస్‌లో వండేది అదే. దాని మీద సుంకం వేస్తే ఇక్కడి కోడి చౌక అవదు, రెండూ ప్రియమవుతాయి. ఆ తేడా కట్టేది విల్లాల్లో ఉండేవాళ్లు కాదు. వాళ్ల జీతంలో తిండి ఖర్చు కాస్తంత. మన జీతంలో అదే సింహభాగం. 2019లో 5 శాతంతో మొదలై 2022లో 10 శాతం అయిన వ్యాట్‌లో కూడా ముఖ్యమైన తిండి సరుకులకి మినహాయింపు ఇచ్చారు. ఆ మంచి బుద్ధి సుంకాల విషయంలోనూ ఉండాలి.

సాయం చెయ్యాలనుకుంటే ధర పెంచకుండా చేసే దారులు ఉన్నాయి. సైలోలు, కోల్డ్ స్టోరేజీలు ప్రభుత్వమే కట్టి అద్దెకివ్వొచ్చు. సైన్యానికి, ఆస్పత్రులకి, స్కూళ్లకి కొనే రొట్టె, పెరుగు ఇక్కడ చేసినవే కొనొచ్చు. వెయ్యి మంది ఉండే లేబర్ క్యాంపుకి రోజూ భోజనం పంపే కాంట్రాక్టర్‌కి కూడా ఇంత శాతం స్థానిక సరుకు అని షరతు పెట్టొచ్చు. అలాంటి నమ్మకమైన కొనుగోలు ఉంటే చిన్న ఫ్యాక్టరీ నిలబడుతుంది. ఖతార్‌లో 2017 జూన్‌లో చుట్టూ దారులు మూసుకుపోయినప్పుడు బలద్‌నా కంపెనీ ఆవుల్ని విమానాల్లో దించింది, ఏడాది తిరిగేసరికి పాలు సొంతంగా సరిపోయాయి. అవసరం మీద పడితే ఎంత ఖర్చైనా పెడతారు. మీద పడకముందు పెడితే అందులో పదో వంతు సరిపోతుందని మా లెక్క.

హెల్పర్ అనే మాట

ఇక అసలు సంగతి. ఈ దీవిలో పిండి మిల్లు దగ్గర్నుంచి బేకరీ దాకా యంత్రం దగ్గర నిలబడేది ఎక్కువగా ఆసియా దేశాల వాళ్లం. ఈ పరిశ్రమ పెరిగితే మనకి ఉద్యోగాలు పెరుగుతాయని సంబరపడొచ్చు. ఏ ఉద్యోగాలు, ఎంత జీతానికి అని కూడా అడగాలి. బహ్రెయిన్‌లో ప్రైవేటు కంపెనీల్లో మనలాంటి వాళ్లకి ఇంత తక్కువ కాకుండా ఇవ్వాలనే కనీస వేతనం చట్టంలో లేదు. మన దేశమే పెట్టే కనీస సిఫార్సు వేతనాన్ని 2020లో 200 డాలర్లకు తగ్గించారు. తెలంగాణ గల్ఫ్ కార్మికులు హైకోర్టుకి ఎక్కాక 2021లో ఆ తగ్గింపు వెనక్కి తీసుకున్నారు. మన చౌక చెయ్యి ఒక్కటే పెట్టుబడిగా నిలబడే ఫ్యాక్టరీ మనకి అక్కర్లేదు. రేపు ఇంకెక్కడో ఇంకా చౌక చెయ్యి దొరికితే అది అటే పోతుంది.

మాకు కావాల్సింది పనితనానికి పేరు. తిండి తయారీలో నేర్చుకునేది తక్కువేం కాదు. హాసప్ పద్ధతిలో ఎక్కడ కలుషితం కావొచ్చో కనిపెట్టడం, కోల్డ్ రూమ్ ఉష్ణోగ్రత రాసుకోవడం, ప్యాకింగ్ మెషీన్ ఆగితే విప్పి బిగించడం, గడువు తేదీల లెక్క, హలాల్ నియమాలు. ఊళ్లో ఒక చిన్న యూనిట్ పెట్టుకోవాలంటే ఇవే కావాలి. మన కేంద్ర ప్రభుత్వం 2020లో చిన్న ఆహార యూనిట్ల కోసం తెచ్చిన పథకంలో ఖర్చులో 35 శాతం, 10 లక్షలు మించకుండా, సబ్సిడీ పెట్టారు. తిరిగి వెళ్లి అలాంటివాటికి దరఖాస్తు పెట్టుకునేవాడికి బ్యాంకు మొదట అడిగేది అనుభవం. పదేళ్లు గల్ఫ్ ఫ్యాక్టరీలో చేశానని నోటితో చెబితే మేనేజర్ నవ్వుతాడు. కాగితం చూపిస్తే కుర్చీ చూపిస్తాడు.

మా రూంలో రాజోలు బాబాయ్ ఉన్నాడు. ఒక బేకరీలో పన్నెండేళ్లుగా రాత్రి డ్యూటీ. పిండిలో వేలు గుచ్చి, అది పైకి లేచే తీరు చూసి ఇంకెన్ని నిమిషాలు ఆగాలో చెప్పగలడు. జూలైలో పిండి ఎందుకు తొందరగా పులుస్తుందో, నీళ్లలో ఐసు ఎంత కలపాలో కొత్త ఇంజినీరు కూడా ఆయన్నే అడుగుతాడు. కిందటేడు కొత్త ఓవెన్ వచ్చినప్పుడు దాన్ని దారికి తెచ్చింది ఆయనే. ఆయన కాంట్రాక్టులో ఉద్యోగం పేరు హెల్పర్. ఆయనకి ముందు ఎనిమిదేళ్లు చేసి వెళ్లిపోయిన ఇంకొకతనికీ అదే మాట రాసిచ్చారు. అతను కోనసీమలో బేకరీ పెడదామని లోన్ కోసం ఆ కాగితమే పట్టుకెళ్లాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు.

"నాకెందుకండీ ఈ వయసులో ఈ గొడవ" అన్నాడు బాబాయ్ మొదట. "మీకు కాదు బాబాయ్, మీ దగ్గర పని నేర్చుకుంటున్న ఆ కుర్రాడికి" అన్నాం. నిన్న శుక్రవారం కూర్చుని ఉత్తరం రాశాం. ఇంగ్లిష్ జగిత్యాల తమ్ముడు రాశాడు, అరబ్బీ కింద వీధి కోల్డ్ స్టోర్ మలయాళీ అన్న రాసిపెట్టాడు. వీసా రెన్యువల్‌కి ముందు ఉద్యోగం పేరు బేకర్ అని మార్చమని, ఏయే యంత్రాలు నడిపాడో సర్వీస్ సర్టిఫికెట్‌లో రాసివ్వమని రెండే కోరికలు. జీతం మాట ఈసారికి ఎత్తలేదు. ఆదివారం పొద్దున డ్యూటీ దిగాక ఆఫీసులో ఇస్తానన్నాడు. అప్పటిదాకా ఆ ఉత్తరం నలగకుండా బియ్యం డబ్బా మీద పుస్తకం కింద పెట్టి ఉంచాం.